విశాఖ ముసురులో ఫ్రాన్స్ హాల్స్: ఒక ఆయిల్ కాపీ డైరీ

జులై 5: బొమ్మ, కొలతలు

కాపీకి తీసుకున్నది పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేసిన 'మాలె బాబె'. 1633–35 ప్రాంతంలో వేసిన బొమ్మ, ఇప్పుడు బెర్లిన్‌లో గెమాల్డెగ్యాలరీ అనే మ్యూజియంలో ఉంది. నెదర్లాండ్స్‌లో హార్లెం ఊరి ఆవిడ. నెత్తిన తెల్ల టోపీ, మెడ చుట్టూ తెల్ల కాలరు, నల్ల బట్టలు, చేతిలో లోహపు కూజా, భుజం మీద గుడ్లగూబ. నోరారా నవ్వుతోంది. 'మల్లె' అని రాస్తే మనకి పువ్వు గుర్తొస్తుంది గానీ డచ్చిలో ఆ మాటకి అర్థం 'పిచ్చి'. గుడ్లగూబ కూడా అక్కడ ఊరికే వాలలేదు. బాగా తాగినవాణ్ణి గుడ్లగూబతో పోల్చే సామెత ఆ భాషలో ఉంది.

దీన్నే తీసుకోవడానికి రెండు కారణాలు. కుంచె గుర్తులు దాచకుండా వేసిన బొమ్మ కాబట్టి ఏ స్ట్రోకు ముందు పడిందో, ఏది దాని మీద పడిందో మంచి ఫొటోలో కూడా కనిపిస్తుంది. రెండోది, 1869లో ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బె ఇదే బొమ్మని మ్యూనిక్‌లో కాపీ చేశాడు, అది హాంబుర్గ్ మ్యూజియం కున్స్ట్‌హాలెలో ఉంది. చేయి తిరిగిన చిత్రకారుడి కాపీని అసలు పక్కన పెట్టి చూసే అవకాశం అన్ని బొమ్మలకీ దొరకదు.

అసలు కాన్వాస్ సుమారు 78 × 66 సెంటీమీటర్లు. డాబాగార్డెన్స్ వైపు స్టేషనరీ షాపుల్లో దొరికే రెడీమేడ్ సైజుల్లో 24 × 20 అంగుళాలది దీనికి బాగా దగ్గర. ఎత్తుని 61 సెంటీమీటర్లకి తగ్గిస్తే వెడల్పు 51.6 రావాలి, కాన్వాస్ 50.8 ఉంది. పోయేది 8 మిల్లీమీటర్లు. అది ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ ఉన్న అంచులో పోతే నష్టం లేదు. 20 × 16 సైజు కొంటే మాత్రం నిష్పత్తి తప్పుతుంది, పక్కలైనా కోసుకోవాలి, మొహమైనా సాగదీయాలి.

కాపీ అసలులో ముప్పాతిక సైజు కంటే కాస్త పెద్దది. కాబట్టి కుంచెలూ ఆ లెక్కనే తగ్గాలి. అసలులో అంగుళం వెడల్పున్న స్ట్రోకు ఇక్కడ ముప్పావు అంగుళమే. చాలా కాపీలు ఇక్కడే మొద్దుబారిపోతాయి: బొమ్మ చిన్నదవుతుంది, కుంచె మాత్రం పాతదే ఉంటుంది.

జులై 6–8: ప్రైమింగ్, ప్రింటు

రెడీమేడ్ కాన్వాస్ మీద షాపు వేసిన ప్రైమింగ్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) పల్చన, నూనె పీల్చేస్తుంది. ఎక్రిలిక్ గెస్సో (తెల్లటి ప్రైమింగ్ పూత) ఇంకో రెండు పూతలు వేయాల్సి వచ్చింది. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా, ఒక్కోదానికి 10 శాతం నీళ్ళు. ఎండాకాలంలో పూత రెండు గంటల్లో ఆరుతుంది. ఈ వారం గదిలో తేమ 82 శాతం, కాబట్టి పూతకి పూతకి మధ్య ఒక రాత్రి వదలడమే మేలు. పైన ఆరినట్టు ఉండి లోపల పచ్చిగా ఉన్నప్పుడు ఉప్పు కాగితం రుద్దితే గెస్సో పొడి రాలదు, ఉండలు ఉండలుగా లేస్తుంది. 220 నంబరు కాగితంతో తేలిగ్గా, తడి గుడ్డతో తుడుపు.

వెనక ఫ్రేముకి కొట్టిన పిన్నులు ఒకసారి చూసుకోండి. మామూలు ఇనుప పిన్నులైతే బీచ్‌కి కిలోమీటరు లోపున్న ఇంట్లో ఒక్క వర్షాకాలం చాలు, తుప్పు బట్టలోకి దిగుతుంది. దీనికి ఉన్నవి పీకేసి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు కొట్టాం. మూలల్లో చెక్క చీలికలు దిగ్గొట్టాం కానీ గట్టిగా కాదు. ముసురు రోజుల్లో వదులైన బట్ట పొడి రోజుల్లో మళ్ళీ బిగుస్తుంది, ఇప్పుడే లాగి పెడితే అప్పుడు మూలల్లో చిరుగు.

ప్రింటు కూడా సరిగ్గా 24 × 20 అంగుళాలకే తీయించడం మంచిది. అప్పుడు డివైడర్‌తో ప్రింటు మీద కొలిచి నేరుగా కాన్వాస్ మీద పెట్టొచ్చు, గళ్ళు గీయనక్కర్లేదు. మ్యాట్ కాగితమే అడగాలి, గ్లాసీ మీద ట్యూబులైటు తప్ప ఇంకేం కనపడదు. ద్వారకానగర్‌లో తీయించిన మొదటి ప్రింటు ఎర్రగా వచ్చింది. ఫైలు పక్కన బూడిద రంగు పట్టీ ఒకటి పెట్టి మళ్ళీ తీయిస్తే తేడా తేలిపోయింది: పట్టీయే గులాబీ రంగుకి తిరిగింది. అంటే తప్పు ప్రింటరుది, బొమ్మది కాదు. ఆ పట్టీ బూడిదగా కనపడేదాకా సరిచేయించి మూడో ప్రింటు తీసుకున్నాం. గీతకి, కొలతకి ప్రింటు. చీకటి భాగాల్లోని రంగు తేడాలకి ట్యాబ్.

జులై 9: నేల రంగు

తెల్ల గెస్సో మీద నేరుగా మొదలుపెడితే ప్రతి రంగూ ముదురుగా అనిపిస్తుంది, భయపడి అన్నీ లేతగా కలుపుతాం. అందుకే ముందు మధ్యస్థమైన గోధుమ-బూడిద పూత. రా అంబర్ (గోధుమ రంగు) 3 పాళ్ళు, తెలుపు 2 పాళ్ళు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు) 1 పాలు, టర్పెంటైన్‌తో మజ్జిగలా పల్చన చేసి పూసి, పావుగంట ఆగి పాత బనీను గుడ్డతో తుడిచేయాలి. ఇందులో అవిసె నూనె చుక్క కూడా వద్దు. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది, అది ఆరడాన్ని తొందరపెడుతుంది. రెండు రోజుల్లో చేతికి అంటలేదు.

గుడ్డల సంగతి ఇక్కడే చెప్పేయాలి. అవిసె నూనె ఆరడం అంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదు, గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడడం. ఆ పనిలో వేడి పుడుతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి డబ్బాలో కుక్కితే ఆ వేడి బయటికి పోక వాటంతట అవే అంటుకుంటాయి. విశాఖ ఉక్కలో దీన్ని అతిజాగ్రత్త అనుకోకండి. గుడ్డలు నీళ్ళున్న మూత డబ్బాలో వేయాలి, లేదంటే విడివిడిగా తీగ మీద ఆరేయాలి.

జులై 12: వెలుతురు

ఎంవీపీ కాలనీ ఫ్లాటు. ఉత్తరం వైపు బాల్కనీ గది పనికొస్తుంది గానీ, తూర్పున సముద్రం ఉన్న ఊళ్ళో పొద్దున పదింటి దాకా వెలుతురు ఒక్కలా ఉండదు. నీటి మీద మెరుపు సీలింగుకి కొట్టి కాన్వాస్ మీద పడుతుంది. ఆ వెలుతురులో కలిపిన ఒళ్ళు రంగు మధ్యాహ్నానికి పసుపు ఎక్కువైనట్టు కనపడుతుంది. తెర దించేసి 5000 కెల్విన్ (పగటి వెలుతురుకి దగ్గరి తెలుపు), సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి కాన్వాస్‌కీ, పాలెట్‌కీ, ప్రింటుకీ కలిపి పడేలా పెట్టాం. ఈజిల్ పై అంచు రెండు వేళ్ళంత ముందుకి వంచితే తడి రంగు మీద మెరుపు తగ్గుతుంది.

జులై 13: రంగులు, కుంచెలు

ఎనిమిదే ట్యూబులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, లైట్ రెడ్ (ఇటుక ఎరుపు), కాడ్మియం రెడ్ లైట్, అలిజారిన్ (ముదురు ఎరుపు), రా అంబర్, బర్న్ట్ అంబర్, ఐవరీ బ్లాక్. నీలం లేదు. కాలరు నీడల్లో నీలంగా కనిపించేది నలుపు, తెలుపు కలిసిన బూడిద. చుట్టూ గోధుమ రంగు ఉండబట్టి కంటికి నీలంలా తోస్తుంది. నీలం ట్యూబు చేతికి అందితే కలిపేస్తాం, అందుకే బల్ల మీద పెట్టలేదు.

హాల్స్ వాడింది సీసపు తెలుపు. అది విషం, ఇంట్లో వద్దు. టైటానియంతో వచ్చే చిక్కు ఏంటంటే అది కప్పేసే రంగు, చల్లని తెలుపు. దాన్ని అదే మోతాదులో వాడితే మొహానికి పౌడరు కొట్టినట్టు అవుతుంది. సీసపు తెలుపు కంటే సగమే వేయాలి, ఓకర్ కాస్త ఎక్కువ పడాలి.

పంది వెంట్రుకల ఫ్లాట్ కుంచెలు 4, 6, 8, 10 నంబర్లు, ఒక్కోటి రెండేసి. ఒకటి వెలుగులకి, ఒకటి నీడలకి, రెండూ కలవకూడదు. ఫిల్బర్ట్ (కొస గుండ్రని ఫ్లాట్) 6, మెత్తని రౌండ్ 4 ఒక్కోటి చాలు. పాలెట్ 5 మిల్లీమీటర్ల గాజు పలక, కింద నేల రంగులోనే ఉన్న కాగితం. పాలెట్ మీద కనిపించిన రంగే కాన్వాస్ మీదా కనపడాలంటే అదొక్కటే దారి.

జులై 14: గీత

రా అంబర్, టర్పెంటైన్, 4 నంబరు ఫ్లాట్. పెన్సిలు లేదు. టోపీ మీది అంచు, గడ్డం, రెండు భుజాలు, కూజా అడుగు. ముందు ఈ ఐదింటినీ డివైడర్‌తో కొలిచి గుర్తుపెట్టి, తర్వాత వాటిని కలుపుతూ పెద్ద నీడల ఆకారాలు. నీడ ఎక్కడ ఆగుతుందో గీస్తే చాలు. కన్ను గీయకూడదు, కంటి గుంట గీయాలి.

మొదటిసారి మొహం నిటారుగా వచ్చేసింది. నవ్వే మొహంలో కళ్ళ వరసకీ నోటి వరసకీ ఒకే వాలు ఉండాలని కొలత లేకుండా ఊహించేస్తాం. ప్రింటు మీద స్కేలు పెడితే రెండు వాలులూ వేరని తెలిసింది. గుడ్డతో తుడిచి మళ్ళీ. పల్చని అంబర్ ఇరవై నిమిషాల దాకా తుడుపుకి లొంగుతుంది.

జులై 16–20: అడుగు పొర

హాల్స్ బొమ్మలన్నీ ఒకే ఊపులో తడి మీద తడి వేసేసినవి అనే మాట సగమే నిజం. కింద నీడలు, వెలుగులు పెద్దగా సర్దిన పొర ఉంటుంది. ఆ మెరుపు స్ట్రోకులు దాని మీద చివర్లో పడ్డవి. అడుగు పొర వదిలేసి మొదటి రోజే ఆ స్ట్రోకులు వేయబోతే కింద పట్టు లేక జారిపోతాయి.

అవిసె నూనె 1 పాలు, టర్పెంటైన్ 3 పాళ్ళు. మొహం మూడే టోన్లు. వెలుగుకి తెలుపు 4, ఓకర్ 1, కాడ్మియం రెడ్ పావు. మధ్య టోనుకి ఈ వెలుగు కుప్పలోంచి 2 పాళ్ళు తీసి లైట్ రెడ్ అర, రా అంబర్ అర. నీడకి రా అంబర్ 2, లైట్ రెడ్ 1, అలిజారిన్ కందిగింజంత, తెలుపు సున్నా. నీడలో తెలుపు పడితే అది నీడ కాదు, బూడిద పూత. కాలరు, టోపీ మొత్తం ఒకే బూడిద రంగు ముద్దగా వదిలేశాం, ఒక్క తెల్ల స్ట్రోకు లేకుండా. అది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఉండనివ్వాలి.

సాయంత్రం ఆరున్నరకి లైటు వేసి కిటికీ తీసి ఉంచడం తప్పయింది. వాన పురుగులు పద్దెనిమిదో ఇరవయ్యో తడి రంగుకి అతుక్కున్నాయి. తడి మీద పీకితే కాళ్ళు ఉండిపోయి రంగు చెదురుతుంది. అలాగే వదిలేసి ఐదో రోజు పొడి కుంచెతో దులిపితే గుర్తు కూడా మిగల్లేదు.

జులై 27: మసక మచ్చలు

అడుగు పొర ఆరింది గానీ బట్టల నలుపులో అరచేయంత మేర మెరుపు చచ్చి బూడిదగా కనపడుతోంది. కింది ప్రైమింగ్ నూనె పీల్చేసుకుంటే ఇలా అవుతుంది. ఈ మచ్చ చూసి నలుపు సరిపోలేదనుకుని ఇంకా నలుపు కలిపితే పైపొర బొగ్గయిపోతుంది. అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి గుడ్డతో సన్నగా రుద్ది, ఐదు నిమిషాల తర్వాత అంటీ అంటనట్టు మిగిలేలా తుడిచేయాలి. అసలు టోను తిరిగొచ్చింది. ఆ రోజు పని చేసే భాగానికే ఇది, కాన్వాస్ అంతా కాదు.

జులై 28: నలుపులు

హాల్స్ దగ్గర 27 నలుపులున్నాయని వాన్ గో 1885లో తమ్ముడు థియోకి ఉత్తరంలో రాశాడు. ఈ కాపీకి నాలుగు చాలాయి. ఐవరీ బ్లాక్‌లో బర్న్ట్ అంబర్ కలిపితే వెచ్చని నలుపు, అలిజారిన్ కలిపితే ఎర్ర నలుపు, పెసరగింజంత తెలుపు, ఓకర్ కలిపితే పాత గొడుగు గుడ్డ రంగు, ఏమీ కలపనిది లోతైన మడతలకి. నాలుగూ ముందే వరసగా కలిపి పెట్టుకుని, 10 నంబరు కుంచెతో ముప్పావు గంటలో వేసిన పని. ఐవరీ బ్లాక్ ఆరడానికి వారం తీసుకుంటుంది, కాబట్టి దాని మీద త్వరగా ఆరే పొర వేయకూడదు. కింద మెత్తగా, పైన గట్టిగా ఉంటే పగుళ్ళే.

ఆగస్టు 2–9: రిహార్సళ్ళు, కాలరు

కాలరు మీద చేయి పెట్టే ముందు గెస్సో పూసిన మందపాటి (300 జీఎస్ఎమ్) కాగితం ముక్కల మీద ఆరుసార్లు అదే కాలరు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. మొదటి మూడూ పాడు. ఎందుకు పాడయ్యాయో చెప్పుకోవాలి, ఈ బొమ్మలో నేర్చుకోవాల్సినదంతా అక్కడే ఉంది.

మొదటి ముక్కలో ప్రింటులో ఉన్న ప్రతి తెల్ల గీతనీ చూసి చూసి గీశాం. లెక్క సరిపోయింది. కాలరు కాలేదు, పొన్నుల చీపురు అయింది. హాల్స్ గీసింది మడతల్ని కాదు, మడతల మీద వెలుతురు విరిగిన చోట్లని. నీడలో ఆరేసిన తెల్ల పంచెని ఒకసారి చూస్తే తెలుస్తుంది: అందులో తెలుపన్నది అంచు మీద ఎక్కడో వేలెడంత, మిగతా అంతా బూడిద. మనకది తెలుపని ముందే తెలుసు కాబట్టి తెల్లగా చూస్తాం.

రెండోదాంట్లో చేయి వేగంగా కదిపాం, హాల్స్ వేగంగా వేశాడు కదా అని. రంగు గట్టిగా ఉంది, కుంచె సగం స్ట్రోకులో ఎండిపోయి గీసుకుపోయింది. మూడోదాంట్లో నూనె, టర్పెంటైన్ ఎక్కువ కలిపితే తెలుపు కింది బూడిదలో కలిసిపోయి సున్నం నీళ్ళలా కారింది. నాలుగో ముక్క నుంచి తెలుపుని ముందు గాజు పలక మీద కత్తితో రెండు నిమిషాలు నలిపి, పది పాళ్ళకి ఒక పాలు అవిసె నూనె మాత్రమే వేశాం. కత్తి ఎత్తితే గడ్డపెరుగులా కొస నిలిచి, నిలిచిన కొస మెల్లగా వంగాలి. ఆ స్థితిలో రంగు తనంతట కుంచె దిగుతుంది, నొక్కక్కర్లేదు. స్ట్రోకుకి వేగం ఇచ్చేది ఆ నలుపుడూ ఆ చుక్క నూనే. చేయి నెమ్మదిగా కదిలినా కాన్వాస్ మీద అది విసురుగా వేసినట్టే పడింది.

కాన్వాస్ మీద వరస ఇది. ఆరిన బూడిద ముద్ద మీద అదే బూడిద మళ్ళీ పల్చగా పూసి తడి చేసుకోవడం. ఆ తడిలోకి బర్న్ట్ అంబర్ కలిపిన నలుపుతో మడతల లోతులు, కుంచె అంచుతో, ఎనిమిది చోట్ల. తర్వాత రెండో బూడిద, మొదటిదాని కంటే ఒక మెట్టు లేతది, 6 నంబరు కుంచెతో వాలుగా. చిట్టచివర తెలుపు. ఒక స్ట్రోకు వేయడం, కుంచె గుడ్డకి తుడవడం, మళ్ళీ రంగు అద్దుకోవడం. తుడవకుండా రెండోది వేస్తే కింది బూడిద కుంచెకి ఎక్కి రెండో తెలుపు మాసిపోతుంది. మొత్తం తెల్ల స్ట్రోకులు 22. ప్రింటులో అంతకంటే ఎక్కువున్నాయి, ఈ సైజుకి 22 దాటితే మళ్ళీ చీపురే.

ఏడో స్ట్రోకు వంకరగా పడింది. దాని మీద ఇంకోటి వేసి సరిచేయబోవడం సహజం, అలా చేయొద్దు. పాలెట్ కత్తితో దాన్ని గీకేసి, బూడిద పూసి, మొదటిసారి వేసినట్టే మళ్ళీ వేయాలి. ఒకే చోట మూడోసారి కుంచె పడిందంటే అది బురద.

టోపీకి కూడా ఇదే పద్ధతి, తెలుపు తక్కువ.

ఆగస్టు 15–17: మొహం

రంగు పలకల్లా వేయాలి, రుద్దకూడదు. 6 నంబరు కుంచె, వెలుగు నుంచి నీడకి ఐదు కుప్పలు ముందే కలిపి వరసగా. రెండు పలకలు కలిసే చోట మెత్తని కుంచెతో సరిచేయాలనే కోరిక పుడుతుంది. రెండు మీటర్లు వెనక్కి వెళ్ళి చూస్తే ఆ గీత దానంతటదే కలిసిపోయి ఉంటుంది. నేల మీద రెండు మీటర్ల దగ్గర టేపు అంటించుకున్నాం, పది స్ట్రోకులకి ఒకసారి టేపు దాకా వెళ్ళాలి.

నోటి మూల దగ్గర రెండు రోజులు పోయాయి. నవ్వులో మూల పైకి లేస్తుందని అక్కడ ముదురు గీత ఒకటి పైకి వంచి గీస్తే నవ్వు రాలేదు, అతికించిన మీసంలా ఉంది. ఫోన్లో నలుపు-తెలుపు ఫొటో తీసి తలకిందులు చేసి చూస్తే, ప్రింటులో ఆ మూల దగ్గర గీతే లేదు. బుగ్గ కండ మూలని మింగేసింది. ముదురు మచ్చ ఒకటి, దాని పక్కనే బుగ్గ వెలుగు నేరుగా. మధ్య టోను లేదు. గీత చెరిపేసి, నీడ రంగులో అలిజారిన్ రెట్టింపు చేసి పప్పుబద్దంత మచ్చ, దాన్ని తగిలీ తగలనట్టు బుగ్గ మీంచి 8 నంబరు వెలుగు స్ట్రోకు ఒక్కటి. నవ్వింది.

ముక్కు మీద, కింది పెదవి మీద ఆఖరి మెరుపు చుక్కలకి కూడా తెలుపు ఒక్కటే వాడకూడదు. ఓకర్ అర పాలు పడాలి, లేకపోతే అక్కడ రంధ్రం ఉన్నట్టు కనపడుతుంది.

ఆగస్టు 20: కూజా, గుడ్లగూబ

ఒక్క పూట పని. కూజా అంతా బట్టల నలుపుల్లోంచి, కాలరు బూడిదల్లోంచి మిగిలిన కుప్పలతోనే. లోహం మెరవాలంటే మెరుపు పక్కనే అన్నింటికంటే ముదురు రంగు ఉండాలి, మెరుపుని ఎంత తెల్లగా చేసినా ఉపయోగం లేదు. గుడ్లగూబకి ఈకలు గీయలేదు. రా అంబర్, ఓకర్, 8 నంబరు కుంచె, కళ్ళు రెండు. అంతకంటే వివరం పెడితే చూపు మొహం మీంచి దాని మీదకి పోతుంది.

కూజా చుట్టు కోలాకారం కాస్త తప్పింది. ఆరాక సరిచేస్తే కొత్త రంగు అతుకులా కనపడుతుందని వదిలేశాం.

జనవరి 18: వార్నిష్

మొత్తం ఖర్చయిన తెలుపు 60 మిల్లీలీటర్లు, మిగతా రంగులు ఒక్కోటి 10 దాటలేదు. వార్నిష్‌కి ఐదు నెలలు ఆగడం రంగు ఆరడం కోసమే కాదు. ముసురు రోజుల్లో వార్నిష్ వేస్తే గాల్లో తేమ పట్టి నల్ల భాగాల మీద తెల్లటి పొగ కమ్ముతుంది. ఈ ఊళ్ళో సంక్రాంతి వెళ్ళాక, పొడిగాలి వీచే మధ్యాహ్నం చూసుకోవాలి. కాలరులో తెలుపు ముద్దగా ఉన్న చోట గోరుతో నొక్కితే ఇంకా కొంచెం దిగుతోంది, అందుకని ఇప్పుడు వేసింది రీటచ్ (తాత్కాలిక) వార్నిష్ సన్నని పొర ఒక్కటే. అసలుది వచ్చే శీతాకాలం.

నాలుగు నెలలు బీరువా వెనక చీకట్లో ఉండి తెలుపులు పసుపు తిరిగాయి. అవిసె నూనెకి అది మామూలే. నేరుగా ఎండ తగలని కిటికీ పక్కన వారం రోజులు ఉంచితే చాలావరకు పోయింది.

కాన్వాస్ వెనక రా అంబర్‌తో 'ఫ్రాన్స్ హాల్స్ చిత్రానికి కాపీ, విశాఖపట్నం' అని, సంవత్సరం రాశాం. ముందు వైపు సంతకం లేదు. సముద్రం వైపు గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించి, బూజు పట్టకుండా గాలి ఆడడానికి వెనక నాలుగు మూలల్లో సెంటీమీటరు మందం బెండు ముక్కలు అంటించాం.